కాకి కోసం ప్రార్థన

మా మనవరాలిని మట్టిలో పెట్టిన మూడో నాడు పొద్దున్నే మా అక్క స్టీలు డబ్బా చంకలో పెట్టుకుని వచ్చింది. నాచారంలో మా బిడ్డ ఉండే ఇల్లు రెండు గదులది. ముందు గదిలో నేను, మా అల్లుడు కూర్చుని ఉన్నాం. లోపలి గదిలో మా బిడ్డ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. తన కూతుర్ని పెట్టెలో పెట్టి తీసుకుపోయినప్పటి నుంచి ఆమె అట్లాగే ఉంది. నీళ్లు తాగుతుంది. అన్నం ముట్టదు.

అక్క చెప్పులు విడవకముందే డబ్బాలోంచి కోడికూర వాసన వచ్చింది.

"ఏందక్కా అది?" అన్నాను.

"ఏందంటే ఏంది? పిట్టకు వెట్టొద్దా?"

మా దిక్కు ఊళ్లలో మనిషి పోయిన మూడో నాడు, వాళ్లు ఇష్టపడి తినేవన్నీ వండి సమాధి దగ్గర ఆకులో పెడతారు. పెట్టి దూరం జరుగుతారు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లు నిమ్మళంగా వెళ్లిపోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయి ఇంకా ఇక్కడే తిరుగుతున్నట్టు. దాన్నే పిట్టకు పెట్టడం అంటాం. మా అక్కను ఉప్పల్ పాత ఊళ్లో వ్యవసాయం చేసుకునే ఇంటికి ఇచ్చారు. వాళ్ల పొలాలు ప్లాట్లైపోయాయి గానీ పద్ధతులు ఒక్కటి కూడా పోలేదు. నేను యేసయ్యను నమ్ముకుని నలభై ఏళ్లు దాటింది. ఇద్దరం ఒక తల్లి బిడ్డలమే. పెళ్లిళ్లలో కలిసే కూర్చుంటాం. చావు దగ్గరే మా దారులు వేరవుతాయి.

"మేం పిట్టకు వెట్టం. నీకు ఎర్కనే గదా," అన్నాను. "జరసేపైతే అయ్యగారు సమాధి కాడికి వస్తరు. ప్రార్థన జేస్తరు. గంతే."

"నీ పాస్టరు అయ్యగారిని ప్రార్థన జేస్కోనీ. నేనేమన్న ఒద్దన్ననా? ఆయన పోయినంక నేను వెడ్త. నీ దేవుడు నీకుండనీ. పిల్ల నీ ఒక్కదానిదేనా?"

"గింత ముసలిదానివైనవ్, ఇంక కాకి మీదనే ఉన్నదా నీ నమ్మకం?"

"నువ్వేమన్న పడుచుదానివానే? కాకి అబద్ధం చెప్పదు. మనుషులే చెప్తరు."

నేను గట్టిగా ఏదో అనబోయాను. నాకు నోటి దురుసు ఉంది. అది అందరికీ తెలిసిన సంగతే. ఇంతలో లోపలి గదిలోంచి మా బిడ్డ గొంతు వినిపించింది. అప్పటిదాకా ఆమె మాట్లాడలేదు.

"వెట్టనీ అమ్మా."

నేను లేచి గడపలోకి వెళ్లాను. ఆమె ఇటు తిరగలేదు. గోడతోనే మాట్లాడినట్టు మాట్లాడింది.

"పెద్దమ్మను వెట్టనీ. పిట్ట ముడితే నాకు చెప్పు. ముట్టినంక తింటా."

మా బిడ్డ పుట్టిన నెలకే దాన్ని సంఘంలోకి ఎత్తుకుపోయి ప్రార్థన చేయించాను. ఆదివారం బడిలో పెరిగింది. పిట్టకు పెట్టడం దాని జన్మలో చూసి ఉండదు. అట్లాంటిది నోరు తెరిచి అడిగిన మొదటి మాట ఇది.  ఆ మాట విన్నాక నాకు కోపం రాలేదు. భయం వేసింది. పిట్ట ముట్టకపోతే ఎట్లా అని.

మా మనవరాలు హబ్సిగూడలో ఒక రక్తపరీక్షల సెంటర్‌లో పనిచేసేది. తెల్లవారుతూనే స్కూటీ వేసుకుని ఇళ్లకు పోయి రక్తం తీసుకొచ్చేది. షుగరున్న ముసలివాళ్లందరికీ అది ముద్దు. నా చేయి పట్టుకుని, "అమ్మమ్మా, నీ నరం అస్సలు దొరకదు, అది గూడ నీ లెక్కనే మొండిది," అనేది. వానల్లో జ్వరం వచ్చింది. అందరికీ వస్తున్న జ్వరమే. రక్తకణాలు పడిపోయాయన్నారు. దవాఖానాలో చేర్చాం. పైపు వేశారు. పైపు వేసిన తర్వాత దాని మాట మళ్లీ వినలేదు. ఇంతకంటే చెప్పడానికి నాకు చేతకాదు.

దానికి బాప్తిస్మం కాలేదు.

మా సంఘంలో చిన్నపిల్లలకు నీళ్లు చల్లరు. పెద్దయ్యాక, తెలివి వచ్చాక, తనంతట తాను నమ్ముతున్నానని చెప్పి తొట్టిలో మునగాలి. మా పిల్ల క్రిస్మస్ ముందు తీసుకుంటానని పేరు ఇచ్చింది. తెల్ల డ్రెస్సు కుట్టించుకుంది. ఆ డ్రెస్సే తొడిగి పెట్టెలో పడుకోబెట్టాం. మట్టి వేస్తుంటే నా వెనకాల గొడుగు పట్టుకుని నిలబడ్డ ఆడమనిషి ఇంకొకామెతో అంది: "బాప్తిస్మం గాలేదంట గదా. పాపం." మెల్లగానే అంది. ముసలితనంలో నాకు అన్నీ సరిగా వినపడవు. అది మాత్రం వినపడింది.

నాకు చదువు యాభై ఏళ్లు దాటాక వచ్చింది. అంతకుముందు నాచారం కంపెనీల్లో ఊడ్చాను, డబ్బాలు కట్టాను, జీతం కాగితం మీద వేలిముద్ర వేశాను. స్త్రీల కూడికలో అయ్యగారి భార్య, మేం అమ్మగారు అంటాం, పలక మీద అక్షరాలు రాసి మాతో దిద్దించింది. మిగతావాళ్లు బస్సుల మీద రాతలు చదవాలని నేర్చుకున్నారు. నేను వాక్యం చదవాలని నేర్చుకున్నాను. ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, కూడబలుక్కుని, ఒక పేజీకి ఒక పొద్దు పట్టేది. ఎవరో చదివితే వినడం వేరు. మన కంటితో చదువుకోవడం వేరు. విన్న మాట మరిచిపోవచ్చు. వేలు పెట్టి చదివిన మాట ఎక్కడ ఉందో చేతికి తెలిసిపోతుంది.

పిల్లను మట్టిలో పెట్టి వచ్చిన సాయంత్రం నా చేయి దానంతటదే ఆ పేజీ తీసింది. నమ్మాలి, బాప్తిస్మం పొందాలి, అప్పుడు రక్షణ అని ఉన్న చోటు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఉండి ఒకటి లేకపోతే ఏమిటో నాకు తెలియలేదు. చదవడం రాకుండా ఉంటే బాగుండు అని ఆ రోజు అనుకున్నాను. జీవితంలో అట్లా అనుకున్నది ఆ ఒక్కసారే.

ఇదీ నా భయం. ఇది ఎవరికీ చెప్పలేదు. సంఘంవాళ్లు వచ్చి "ప్రభువునందు నిద్రించింది, భయపడొద్దు" అని చెప్పి పోతున్నారు. మా బిడ్డ గోడ వైపు తిరిగి ఉంది.

ఆటోలో నేను, అక్క వెనక కూర్చున్నాం. అల్లుడు డ్రైవర్ పక్కన ఒదిగి కూర్చున్నాడు. అతను కంపెనీ వ్యాన్ నడుపుతాడు. మామూలుగానే మాట తక్కువ. డబ్బా అక్క ఒళ్లో ఉంది. గుంతలో పడ్డప్పుడల్లా రెండు చేతులతో దాన్ని పట్టుకుంది, పసిపిల్లను పట్టుకున్నట్టు. దారిలో బేకరీ ముందు ఆటో ఆపించి ఎగ్ పఫ్ కొన్నది.

"ఇది దేనికి?" అన్నాను.

"ఇంకెందుకు? మా ఇంటికి వచ్చినప్పుడల్లా గిదే తెచ్చుకునేది. నేను జేసిన సర్వపిండి వెడితే, పెద్దమ్మమ్మా పండ్లు ఊడిపోతయ్ అనేది."

అల్లుడు ముందు నుంచి వెనక్కి తిరగలేదు. భుజాలు మాత్రం కదిలాయి.

మా సమాధుల తోట రైలు పట్టాలకు దగ్గర. గోడ మీదుగా చూస్తే మౌలాలి గుట్ట కనబడుతుంది. అయ్యగారు అప్పటికే వచ్చి బండి చెట్టు కింద పెట్టుకుని నిలబడి ఉన్నారు. వందనాలు చెప్పుకున్నాం. ఆయన కన్ను డబ్బా మీద పడింది.

"డబ్బల ఏందమ్మా?" అన్నారు మా అక్కతో.

"అన్నం," అంది అక్క.

"పగటికా?"

"ఆఁ, పగటికే."

ఆయన ఇంకేమీ అడగలేదు. ఆయనా భువనగిరి దిక్కు నుంచి వచ్చినవాడే. మూడో నాడు అన్నం డబ్బా అంటే ఏమిటో ఆయనకు తెలియక కాదు.

మట్టి ఇంకా ఎర్రగా, పచ్చిగా ఉంది. పైన వేసిన గులాబీ దండలు వానకు నాని, ఎండకు నల్లబడ్డాయి. కర్ర సిలువ మీద పేరు రాయించాం. ఆ పేరు నేను చదవలేదు. కళ్లు దాని మీదికి పోకుండా పట్టుకున్నాను. చదవడం వచ్చినవాళ్లకు అది ఎంత కష్టమో రానివాళ్లకు తెలియదు. కన్ను పడిందంటే చదివేసినట్టే.

అయ్యగారు పాట పాడారు. మేం కూడా పాడాం. ప్రార్థన చేశారు. అయిపోయాక, ఆయన బండి వైపు పోతుంటే, నేను వెంట నడిచాను.

"అయ్యగారు, ఒక్క మాట."

"చెప్పమ్మా."

"దానికి బాప్తిస్మం గాలే. యాడికి వోయింది అది?"

ఆయన ఆగారు. "సిలువ మీద యేసయ్య పక్కన దొంగ ఉండె. వానికి ఎవరిచ్చిన్రమ్మా బాప్తిస్మం? వాడు పోలేదా పరదైసుకు?"

ఈ జవాబు వస్తుందని నాకు తెలుసు. అది కూడా వేలు పెట్టి చదివినదే.

"దొంగ నోరు తెరిచి అడిగిండు అయ్యగారు. మా పిల్ల నోట్ల పైపు ఉండె. ఏమడుగుతది?"

"మనసుల అడగలేదని నీకెట్ల ఎర్క?"

"అడిగిందని మీకెట్ల ఎర్క?"

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. ఆయనకు మా బిడ్డ వయసే ఉంటుంది. "నాకు ఎర్క లేదమ్మా," అన్నారు. "ఆయనకే ఎర్క. నువ్వైతే భయపడకు." నా తల మీద చేయి పెట్టారు. ఆ చేయి వణికింది. వయసు వల్ల వణకాల్సినది నా చేయి, ఆయనది కాదు.  ఆయన బండి గేటు దాటి పోయేదాకా అక్కడే నిలబడ్డాను.

తిరిగి వచ్చేసరికి అక్క పని మొదలుపెట్టింది. విస్తరాకు పరిచింది. అన్నం, కోడికూర, ఉడకబెట్టిన గుడ్డు, ఎగ్ పఫ్, ఒక ప్లాస్టిక్ గ్లాసులో కూల్‌డ్రింక్. అన్నీ సర్ది, "జరుగుండ్రి, జరుగుండ్రి, మనముంటే అది రాదు," అని మమ్మల్ని గోడ దాకా తోలింది. గోడ నీడలో ముగ్గురం కూర్చున్నాం.

నా చిన్నప్పుడు మా నాయన పోయాడు. ఆయనకు పిట్టకు పెట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. కాకి రాలేదు. పొలం గట్టు మీద ఎండలో అందరం కూర్చున్నాం. మా చిన్నాయన ఆకు దిక్కు చూస్తూ, "ఇల్లు నేను సూస్కుంటనే, పిల్లల పెండ్లిళ్లు జేస్తనే, రా," అని ఒక్కొక్కటి ఒప్పుకుంటూ పోయాడు. ఎవరో ముసలామె, "ఇంక ఈన్నే ఉన్నడు, మనల్నే సూస్తున్నడు," అంది. నాయన అంటే నాకు ఎంతో ఇష్టం. కానీ ఆ మాట వినగానే భయం వేసింది. చివరికి మా అమ్మ ఏదో మొక్కితే కాకి వచ్చింది. వచ్చినా, ఆ తర్వాత చాలా రోజులు నేను ఒంటరిగా పెరట్లోకి పోలేదు. పెద్దదాన్నై, నమ్ముకుని, తొట్టిలో మునిగి లేచాను. నేను మునిగాను గానీ ఆ భయం మునగలేదని ఆ గోడ నీడలో కూర్చున్నాక తెలిసింది.

ఆకాశంలో గద్దలు తిరుగుతున్నాయి. అవతలి అపార్ట్‌మెంట్ అంచున పావురాలు వరసగా కూర్చుని ఉన్నాయి. కాకి జాడ లేదు.

అక్క "కా, కా" అని పిలిచింది. ఆమెది పెద్ద గొంతు. పట్టాల అవతల ఎవరో తిరిగి చూశారు.

"ఒక్కటన్న లేదేందిరా?" అంది అల్లుడితో.

"అన్నీ జవహర్‌నగర్ చెత్తగుట్టకు పోయినట్టున్నయ్ పెద్దత్తమ్మా," అన్నాడతను.

"పరాష్కమాడ్తున్నవా?"

"లేదు. నిజంగనే. వ్యాన్ వేస్కొని ఆ దిక్కు పోతే పైనంత నల్లగుంటది. ఆడ దొరికే తిండి ఈడ దొరకదు గదా."

అక్క అతన్ని కోపంగా చూసింది. తర్వాత ఆకు వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టింది. "బిడ్డా, మీ అమ్మను మేం సూస్కుంటం. ఫికర్ జెయ్యకు. నీ స్కూటీ ఎవ్వలకియ్యం. రా తల్లీ, జర ముట్టిపో. నీ పెండ్లి జెయ్యకపోతిమి, ఆ ఒక్కటి మా చేతుల లేకపాయె. దానికి అలగకు."

ఏమీ రాలేదు. రైలు ఒకటి పోయింది. ఎండ మా కాళ్ల దాకా వచ్చింది.

అప్పుడు అల్లుడు నోరు తెరిచాడు. కూర్చున్నవాడు లేచి నిలబడి, ఆఫీసరు ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకున్నాడు.

"నీ ఫోను లాక్ తియ్యం బిడ్డా," అన్నాడు. "షాపులకిచ్చి తీపించం. అండ్ల ఏమున్నదో ఎవ్వలం సూడం. నేను సూడ, మమ్మీని గూడ సూడనియ్య. నువ్వు నిమ్మళంగ పో."

అక్క ముక్కు చీదుకుంది. నేను అతని మొఖం చూడలేకపోయాను. ఇరవై ఏళ్ల పిల్ల తండ్రి తన పిల్ల గురించి ఏం తెలుసుకుని ఈ మాట అన్నాడో, ఏమీ తెలుసుకోకూడదని అన్నాడో నాకు తెలియదు. అడగలేదు.

అతను కూర్చున్న కాసేపటికి ఒక కాకి వచ్చింది.

పక్క సమాధి సిలువ మీద వాలింది. అక్క నా మోచేయి పట్టుకుని నొక్కింది. కాకి మెడ ఇటు తిప్పింది, అటు తిప్పింది. కిందికి దూకింది. ఆకు దగ్గరికి రెండు గంతులు వేసింది.  నాకు అప్పుడు యేసయ్య గుర్తు లేడు. అయ్యగారి మాట గుర్తు లేదు. మా నాయన, పొలం గట్టు, ఆ ముసలామె, అంతే. కాకి ఎగ్ పఫ్ వైపు చూసి, ఇంకో గంతు వేసి, ఎందుకో మరి, లేచి పట్టాల మీదుగా వెళ్లిపోయింది.

"అయ్యో," అంది అక్క మెల్లగా. "ఏదో ఉన్నది దానికి. ఏదో మిగిలింది."

ఏం మిగిలిందో నాకు తెలుసు అనిపించింది. తెల్ల డ్రెస్సు వేసుకుని తొట్టిలో దిగాల్సిన పిల్ల. దానికి నేను ఏమని మాట ఇవ్వాలి? ఆ పని ఇంక ఎవరూ చేయలేరు. అక్క దేవుళ్ల లెక్కలో చూసినా అది ఆగిపోయింది, నా దేవుడి లెక్కలో చూసినా ఆగిపోయింది. రెండు దార్లలోనూ నా పిల్ల మధ్యలో నిలబడి ఉంది.  

నేను చేతులు జోడించాను. కళ్లు మూసుకున్నాను. పైకే అన్నాను.

"ప్రభువా, ఒక్క కాకిని పంపు. ఆ అన్నం ముట్టనియ్యి. యేసు నామంల అడుగుతున్న. ఆమెన్."

కళ్లు తెరిచేసరికి అక్క, అల్లుడు ఇద్దరూ నన్నే చూస్తున్నారు. అక్క నోరు తెరిచి ఉంది. నలభై ఏళ్లుగా ఆమె ఇంట్లో బోనాల బువ్వ కూడా ముట్టని దాన్ని నేను.

అప్పుడు అర్థమైంది నేనేం చేశానో. అడగకముందు కాకి రాకపోతే అది ఒట్టి కాకి రాకపోవడమే. చెత్తగుట్టకు పోయిందని సరిపెట్టుకోవచ్చు. ఆయన పేరు పెట్టి అడిగాక రాకపోతే, అది ఆయన ఇచ్చిన జవాబు. నా నోటితో నేనే ఆ పరీక్ష పెట్టాను. ఇక ఆకు వైపు చూడాలంటే భయం, చూడకుండా ఉండాలంటే భయం. ఆయనకు కోపం వచ్చిందేమో, ఆ కోపం పిల్ల మీద చూపిస్తాడేమో అని కూడా అనిపించింది. 

మేం చాలాసేపు కూర్చున్నాం. కాకి రాలేదు. రెండు కుక్కలు వచ్చాయి. అక్క రాళ్లు విసిరింది. అవి పోయినట్టే పోయి మళ్లీ వచ్చాయి. మూడోసారి ఆమె చేయి ఎత్తి, రాయి కింద పడేసి, "తినుండ్రి పోండ్రి," అంది. డబ్బా తీసుకుని లేచాం.

ఆటో నాచారం మెయిన్ రోడ్డు మీదికి వచ్చాక అక్క నా చెవి దగ్గరకు వంగింది.

"ముట్టిందని చెప్పు."

"ఎట్ల చెప్త?"

"నోటితోని చెప్తవ్. వాలింది నిజమేనా కాదా? పక్కకు వచ్చింది నిజమేనా కాదా? ముట్టింది అను. ఒక్క మాటకు పిల్ల నాలుగు మెతుకులు తింటది. లేకుంటే అది గూడ పోతది సూడు."

"నువ్వే అన్నవ్ గదనే, కాకి అబద్ధం చెప్పదు, మనుషులే చెప్తరని."

"మరి మనం మనుషులమే గదా."

అల్లుడు ముందు నుంచి అన్నాడు: "మీ ఇష్టం అత్తమ్మా. నేనైతే నోరు తెరువ."

దారంతా ఆలోచించాను. అక్క చెప్పింది తప్పు కాదు. మా బిడ్డ కళ్ల కింద గుంతలు పడ్డాయి. పెదాలు పగిలాయి. ముట్టింది అంటే తింటుంది. నాకు ఒకే ఒక సంగతి అడ్డం పడింది. ఇంట్లో ఇంతమంది ఉండగా అది నన్నే అడిగింది. నా నోట్లోంచి తీపిమాట రాదని నా బిడ్డకు తెలుసు. చిన్నప్పుడు సూది వేయించడానికి తీసుకుపోతూ కూడా నొప్పి పెట్టదని చెప్పలేదు నేను. పెడుతుంది, పట్టుకుంటా అని చెప్పాను. ఇప్పుడు తియ్యగా మాట్లాడితే అది నమ్మదు. నమ్మకపోతే ఇక ఎవరి మాటా నమ్మదు. నిజం చెబితే తినదు. ఇల్లు రాకుండా ఆటో ఇట్లాగే పోతూ ఉంటే బాగుండు అనిపించింది.

ఇంటికి వచ్చేసరికి ఆమె లేచి కూర్చుని ఉంది. వీపు గోడకు ఆనించి, మోకాళ్లు పట్టుకుని గుమ్మం వైపే చూస్తోంది. అక్క నా వెనక నిలబడి నా నడుం మీద వేలితో పొడిచింది.

"ముట్టిందా?" అంది మా బిడ్డ.

నేను ఆమె పక్కన కింద కూర్చున్నాను. కూర్చోవడానికి నాకు చాలాసేపు పడుతుంది, మోకాళ్లు వంగవు. ఆమె ఆగింది.

"ముట్టలే బిడ్డా," అన్నాను. "ఒకటి వచ్చింది. పక్కదాక వచ్చింది. ముట్టకుంట పోయింది."

అక్క గట్టిగా ఊపిరి వదిలింది. మా బిడ్డ మొఖంలో ఏమీ మారలేదు. నేను ఆగలేకపోయాను.

"నేను ప్రార్థన గూడ జేసిన. కాకి రావాలని."

ఆమె నా వైపు తిరిగింది. "ఎవలికి జేసినవ్?"

"ఇంకెవలికి జేస్త? యేసయ్యకే."

"యేసయ్యను కాకి కోసం అడిగినవా?"

"అడిగిన."

"నువ్వా?"

"నేనే."

ఆమె నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వా, ఏడుపా చెప్పలేను. నవ్వులాగే మొదలై మధ్యలో విరిగింది. అప్పటిదాకా ఏడవని మనిషి, నా భుజం మీద పడి, చిన్నపిల్లలు ఏడ్చినట్టు వెక్కిళ్లు పెట్టి ఏడ్చింది. మా అక్క గడపలోనే కూలబడింది. అల్లుడు బయటికి పోయాడు.

ఏడుపు సన్నబడ్డాక ఆమె నా మెడలోకి మాట్లాడింది.

"అందరు భయపడకు, భయపడకు అంటున్నరు. నాకు భయమైతున్నదమ్మా. అది యాడున్నదో."

"నాకు గూడ అయితున్నది," అన్నాను.

"నీకా?"

"అయ్యగారిని గూడ అడిగిన. ఆయనకు గూడ ఎర్క లేదు. ఆయన చెయ్యి గూడ వణికింది."

ఇది ఓదార్పు మాట కాదని నాకు తెలుసు. విశ్వాసులమనుకునేవాళ్లెవరూ చావు ఇంట్లో ఇట్లా మాట్లాడరు. అయినా ఆమె ఒళ్లు కొంచెం వదులైంది. ఇంట్లోకి వచ్చినవాళ్లంతా అవతలి ఒడ్డున నిలబడి రమ్మని పిలిచారు. నేను ఆమె ఉన్న నీళ్లలోనే ఉన్నానని చెప్పాను. నాకు తెలిసింది అంతే.

పక్కింటివాళ్లు పంపిన పెరుగన్నం ఉంది. అక్క గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను ముద్ద చేసి పట్టుకున్నాను. "పిట్ట ముట్టకపోయినా తిను," అనలేదు.  ఆమె చాలాసేపు ఆ ముద్దను చూసింది. తర్వాత నోరు తెరిచింది. మింగడానికి కష్టపడింది. రెండో ముద్ద పెట్టాక నా చేయి పట్టుకుని ఆపింది.

"ప్రార్థన జెయ్యి," అంది.

మా ప్రార్థనలు స్తోత్రంతో మొదలవుతాయి. నాకు ఆ రోజు స్తోత్రం నోట్లోకి రాలేదు. మెతుకులు అంటిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కళ్లు కూడా మూయకుండా, ఎదురుగా ఉన్న మనిషితో చెప్పినట్టు చెప్పాను.

"ప్రభువా, మా పిల్ల యాడున్నదో మాకు తెల్వదు. బాప్తిస్మం గాలే. పిట్ట ముట్టలే. మాకు మస్తు భయమైతున్నది. అది నీ కాడ ఉంటే జర మంచిగ సూస్కో. అది రక్తానికి భయపడదు, సూదికి భయపడదు. చీకటికి భయపడ్తది. దాన్ని చీకట్ల ఉంచకు."

 మా బిడ్డ కళ్లు మూసుకుని ఉంది. ఆమె పెదాలు కదిలాయి.

"లైటు బంద్ జేస్తే లేస్తది అని గూడ చెప్పమ్మా," అంది.

నేను అది కూడా చెప్పాను.